పొడుగు ఊదమన్న మాస్టరు

మొన్న సూరత్‌లో, గోడాదరాలోని మా గల్లీ మీదుగా పెళ్లి బారాత్ వెళ్తుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. లారీ మీద పెద్ద పెద్ద స్పీకర్లు పేర్చి పాటలు మోగిస్తున్నారు గాని, మనిషి ఊదే వాద్యం ఒక్కటీ లేదు. మన వయసు వాళ్లకు ఆ లోటు ఒకరు చెప్పనక్కర్లేదు. నాకు మా ట్రంపెట్ మాస్టరు గుర్తుకొచ్చారు.

ఆయనా మాలాగే తెలంగాణ నుంచి సూరత్‌కు వచ్చిన నేత కుటుంబం వారే. పగలు మరమగ్గాల కార్ఖానాలో పని, సాయంత్రం తన ఒంటిగదిలో మా పది పన్నెండు మందికి పాఠం, పెళ్లిళ్ల రోజుల్లో అందరం కలిసి బ్యాండు. ఇరవై రెండేళ్లప్పుడు నేను చేరితే మూడు నెలలు ట్రంపెట్ చేతికే ఇవ్వలేదు. గోడకు కాగితం ముక్క ఆనించి, చెయ్యి తీసేసి, అది కింద పడకుండా నోటిగాలితోనే నిలపమనేవారు. మగ్గాల చప్పుడుకు సగం చెవుడొచ్చి, అరిచినట్టు ఊదే మాతో, "గట్టిగ ఊదుడు కాదురా, పొడుగు ఊదాలె. పక్కోనిది గూడ జర ఇను," అనేవారు. ఇంట్లో నా భార్య మాటను మధ్యలో తుంచకుండా వినే అలవాటు కూడా నాకు ఆ గదిలోనే అబ్బిందని ఆమే అంటుంది.

కరోనా వచ్చిన ఏడాది పెళ్లిళ్లు ఆగాయి, మగ్గాలు ఆగాయి, తోటి శిష్యుల్లో చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు. మరుసటి ఎండాకాలంలో మాస్టరుకు జ్వరం పట్టుకుంది. ఆయన భార్యను మేమంతా అక్కా అని పిలిచేవాళ్లం. ఆమె, నేను ఆయనను ఆటోలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి తిరిగాం. ప్రతి గేటు దగ్గరా మంచాలు లేవన్న మాటే. ఆయన నా భుజం మీద తల వాల్చి ఎగశ్వాస తీస్తుంటే, ఆటోవాణ్ణి తొందరపెట్టడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. చివరికి ఊరి బయట కామ్‌రేజ్ దాటాక ఒక చిన్న ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. ఇరవై రోజులు ఎదురుగా మూసి ఉన్న కొట్టు మెట్ల మీద కూర్చున్నాం.

"డాక్టర్లు ఏమన్న చెప్పిండ్రా తమ్మీ?" అని అక్క అడిగేది.

"ఇంకా ఏం చెప్పలేదక్కా," అనేవాణ్ణి.

ఆయన బతికి వచ్చారు. నెల తర్వాత మిగిలిన నలుగురం ఆయన గదిలో కూడాం. ఎవరూ అడగకుండానే ట్రంపెట్ పెదవులకు ఆనించుకున్నారు. స్వరం రాలేదు, సన్నగా గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించి దగ్గుతో వంగిపోయారు. మాలో ఎవరికీ తల ఎత్తే ధైర్యం లేకపోయింది. ఆయనే దాన్ని నా ఒడిలో పెట్టి, "ఇగ నువ్వే చెప్పాలె వీళ్లకు," అన్నారు.

"నాకేం వస్తది మాస్టర్‌సాబ్?"

"వచ్చినంత చెప్పు."

వచ్చినంత చెబుతున్నాను. ఇప్పుడు ఇద్దరే వస్తున్నారు. అందులో ఒకతను పల్సానా మిల్లులో షిఫ్టు వల్ల ఆదివారమే రాగలడు. మాస్టరు పక్కన కుర్చీలో కూర్చుని, తప్పు దొర్లితే చెయ్యెత్తి ఆపుతారు. మా రోజుల్లో సందేహమని నోరు తెరవడమే ఆలస్యం, ట్రంపెట్ అందుకుని ఊది చూపించేవారు. ఈ వయసులో, చెప్పడం మొదలుపెట్టాక, నాకు సందేహాలు మునుపటి కంటే ఎక్కువయ్యాయి. అయినా అడగడం మానుకున్నాను. అడిగితే ఆయన ట్రంపెట్ కోసం చెయ్యి చాస్తారేమోనని భయం.