కీబోర్డులో శాక్సాఫోన్

దంతాలపల్లి మిషన్ హాస్టల్లో యాకమ్మ వంట చేసేది. ఆ హాస్టల్ పక్కనే ఉన్న చర్చిలో ఆమె కొడుకు అబ్రహాంకు ఒక పాత పియానో దొరికింది. ఏనాటి దొరలో వదిలేసి పోయినది. పెట్టెకు చెదలు పట్టింది, చాలా మెట్లు పలికేవి కావు. పలకని మెట్టు వచ్చినప్పుడల్లా అబ్రహాం వేలు పక్కకు తిప్పేవాడు. దాంతో కీర్తన ఒకచోట మొదలై ఎక్కడెక్కడో తిరిగి, అందరూ ఆశ వదులుకున్నాక మళ్ళీ ఇంటికి వచ్చేది.

ఆదివారం ఆరాధనలో ఇదొక తలనొప్పి అయింది. పాస్టరుగారు యాకమ్మను పిలిపించారు.

"నీ కొడుకు వాయిస్తుంటే ఎక్కడ అందుకోవాల్నో తెల్వక జనం నోరు మూసుకుంటున్నరమ్మా. పాటను పాట లెక్క వాయించమను."

"ఇడిసిపెట్టున్రి అయ్యగారు. పోరని చెయ్యి ఊకుండది," అంది యాకమ్మ.

నిజంగానే ఊరుకోలేదు. పదో తరగతి అయ్యాక అబ్రహాం జనగామ చేరి ఫకీర్ అహ్మద్ బ్యాండులో కుదిరాడు. పెళ్ళి ఊరేగింపుల్లో వాయించే బ్యాండు అది. చక్రాల బండి మీద పెట్టిన చిన్న కీబోర్డు అబ్రహాంది, శాక్సాఫోన్ ఫకీర్ అహ్మద్ కొడుకు అకీల్‌ది. ఇద్దరిదీ ఒకటే ఈడు. అబ్రహాం పాట వదిలేసి పక్కదారి పట్టిన మొదటిరోజు మిగతావాళ్ళంతా తడబడి ఆగిపోయారు. అకీల్ మాత్రం కళ్ళు మూసుకొని ఆ దారిలోనే వెంట వచ్చాడు. పెళ్ళికొడుకు గుర్రం చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. ఫకీర్ అహ్మద్ తిట్టిన తిట్లు ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు.

కొన్నేళ్ళకు సికింద్రాబాదులో ఒక హోటల్లో సాయంత్రాలు వాయించే పని దొరికింది. అక్కడ డ్రమ్ములు వాయించే గోవా ముసలాయన వాళ్ళకు పాత క్యాసెట్లు వినిపించాడు. నల్లజాతి సంగీతకారులు పియానో మీద, శాక్సాఫోన్ మీద ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నట్టు వాయించిన పాటలు. ఏదీ ముందే రాసి పెట్టుకున్నది కాదు. క్యాసెట్టు అయిపోయేదాకా అకీల్ కదల్లేదు.

"మనం చేసేదానికి పేరుందట భాయ్. జాజ్ అంటరట," అన్నాడు.

"పేరుంటే తిట్లు తప్పుతయా?" అన్నాడు అబ్రహాం. ఇద్దరూ నవ్వుకున్నారు.

అబ్రహాం జీవితంలో అవే మంచి రోజులు. హోటల్లో తింటున్నవాళ్ళు వినేవాళ్ళు కాదు కాబట్టి ఇష్టమొచ్చినట్టు వాయించుకునే వీలుండేది. జనగామ నుంచి వచ్చే ప్యాసింజరు రైలు మీద ఇద్దరూ ఒక బాణీ కట్టుకున్నారు. రైలు ఆగే స్టేషన్లు మాత్రమే ముందుగా అనుకునేవాళ్ళు, మధ్యలో ఏం జరుగుతుందో అప్పటికప్పుడే. ఒకరోజు ఆలేరు దగ్గర వాన పడేది, ఇంకోరోజు ఘట్‌కేసర్ దగ్గర ఎవరో గొడవ పడేవారు. ఒకడు దారి తప్పితే రెండోవాడు ఒకే స్వరం పట్టుకొని ఎదురుచూసేవాడు. ఆ బాణీని ఎవరూ రికార్డు చేయలేదు. చేయాలని వాళ్ళకూ తోచలేదు. రేపు మళ్ళీ వాయిస్తాం కదా అనుకున్నారు.

తర్వాత హోటల్ చేతులు మారింది. కొత్త యజమాని పాటల మెషిన్ పెట్టించాడు. ఇద్దరూ వెనక్కి వచ్చేశారు. అకీల్ మళ్ళీ తన తండ్రి బ్యాండులో చేరాడు. అబ్రహాంకు దవాఖానలో నర్సుగా పనిచేసే మంజులతో పెళ్ళయింది, మహబూబాబాద్‌లో కాపురం పెట్టాడు. అక్కడ ఆర్కెస్ట్రా నడిపే శ్యాం అతనికి కొత్త కీబోర్డు ఇప్పించాడు. తబలా, వేణువు, వయోలిన్, ఏది కావాలంటే అది ఒక మీట నొక్కితే పలుకుతుంది.

"ఒక్కనివి వస్తే సాలు, ఆర్కెస్ట్రా మొత్తం వచ్చినట్టే," అన్నాడు శ్యాం.

"అకీల్‌ను గూడ తీసుకుందామన్నా. శాక్సాఫోన్ మంచిగ ఊదుతడు."

"శాక్సాఫోన్ గిండ్లనే ఉన్నది గద," అన్నాడు శ్యాం, కీబోర్డు తట్టి.

అబ్రహాం ఇంకోమాట అనగలిగేవాడే. వాడు లేకుంటే నేను రాను అనగలిగేవాడే. మంజులకు అప్పుడు ఏడో నెల. అతను ఒక్కడే చేరాడు. ఈ సంగతి అకీల్‌కూ చెప్పలేదు. చెబుదాం, చెబుదాం అనుకుంటూ రోజులు జరిపాడు.

పాలకుర్తిలో ఒక పెళ్ళి. స్టేజీ మీద శ్యాం ఆర్కెస్ట్రా. ఊరేగింపుకు ఎవరి బ్యాండు వచ్చిందో అబ్రహాం అడగలేదు. పాట మధ్యలో శాక్సాఫోన్ మీట నొక్కి వాయిస్తున్నాడు. బ్యాండువాళ్ళ ఎర్ర కోటు వేసుకున్న మనిషి ఒకడు భోజనాల బంతి దాటి ఆత్రంగా స్టేజీ వైపు రావడం కనిపించింది. చేతిలో శాక్సాఫోన్ ఉంది. మెట్లెక్కి, ఆ మూల, ఈ మూల చూశాడు. తర్వాత అబ్రహాం వేళ్ళను చూశాడు.

పాట అయ్యేదాకా అకీల్ అక్కడే నిలబడ్డాడు.

"ఎవరో మంచిగ ఊదుతున్నరు, కలిసి పోదామని వచ్చిన భాయ్," అన్నాడు.

అబ్రహాం కీబోర్డు మీది నుంచి చేతులు తీసి, "తిన్నవా?" అన్నాడు.

"తింట. మీది గానియ్యి." అకీల్ కీబోర్డు వైపు ఒకసారి చూశాడు. "మంచిగనే పలుకుతుంది. ఊపిరే తీసుకుంటలేదు, అంతే."

కోపంగా అని ఉంటే అబ్రహాం జవాబు చెప్పగలిగేవాడు. అకీల్ అలా అనలేదు. వెళ్ళి బంతిలో కూచున్నాడు. అబ్రహాం తర్వాతి పాట ఎత్తుకున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇద్దరూ ఎదురుపడలేదు. ఫకీర్ అహ్మద్ పోయాక బ్యాండు మూతబడిందని, అకీల్ టార్పాలిన్లు కుట్టే దుకాణం పెట్టాడని ఎవరో చెప్పారు. డీజే పెట్టెలు వచ్చాక అబ్రహాంను కూడా పిలిచేవాళ్ళు కరువయ్యారు. మంజులకు భూపాలపల్లి బదిలీ అయితే అతనూ వెళ్ళి, ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ప్రార్థన గీతాలు నేర్పే పనిలో చేరాడు. పాటను పాటలాగే నేర్పేవాడు.

పోయిన ఏడాది హైదరాబాదు నుంచి జ్యోత్స్న అనే ఆమె ఫోన్ చేసింది. ఒక హాల్లో జాజ్ కచేరీలు పెట్టిస్తుందట. గోవా ముసలాయన చనిపోయే ముందు వీళ్ళిద్దరి గురించి, రైలు బాణీ గురించి ఆమెకు చెప్పాడట. ఇద్దరూ వచ్చి వాయించాలి, మేం రికార్డు చేస్తాం అంది.

అబ్రహాం జనగామ వెళ్ళాడు. అకీల్ కూతురు నౌషీన్ తలుపు తీసింది. మంచం మీద కూచున్న అకీల్‌కు మూతి ఒక పక్కకు లాగి ఉంది. పక్షవాతం. మాట ముద్దగా వస్తోంది. శాక్సాఫోన్ ఊదాలంటే పెదాలు బిగించాలి. కచేరీ సంగతి పక్కన పెట్టి అబ్రహాం మంచం పక్కన కూచున్నాడు.

"పాలకుర్తి పెండ్లిల..." అని మొదలుపెట్టాడు.

"గదిప్పుడెందుకు? ఎన్నేండ్లాయె," అన్నాడు అకీల్. కచేరీ విషయం విన్నాక, "నువ్వు పో. వాయించు," అన్నాడు.

హాల్లో పెద్ద పియానో. అన్ని మెట్లూ పలుకుతున్నాయి. రైలు బాణీలో మొదటి స్టేషను దాటగానే అబ్రహాంకు తెలిసిపోయింది. వేళ్ళు తమకు అలవాటైన సినిమా పాటల్లోకే వెళ్తున్నాయి. ఎటు తిప్పినా అక్కడికే. ఒక చోట పూర్తిగా తప్పిపోయి, ఒక స్వరం పట్టుకొని ఆగాడు. అటువైపు నుంచి అందుకునేవాళ్ళు లేరు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. రికార్డు చేసింది ఎవరికీ ఇవ్వొద్దని జ్యోత్స్నను బతిమాలుకున్నాడు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో జనగామలో బస్సు దిగి అకీల్ ఇంటికి వెళ్ళాడు.

"ఎట్లైంది?" అని అడిగాడు అకీల్.

"రాలే అకీల్."

అకీల్ మంచం మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. "నాకు గూడ యాదికి లేదు. నౌషీన్ అడుగుతది, బాణీ అనుమని. మొదలు తప్ప ఏం వస్తలేదు."

నౌషీన్ చాయ్ తెచ్చింది. ఇద్దరూ మొదలు మాత్రం గుర్తుచేసుకున్నారు. అకీల్ ముద్దమాటల్లో, అబ్రహాం మంచం పట్టె మీద వేళ్ళతో. ఆలేరు దాకా వెళ్ళారు. ఆ తర్వాత ఏమొస్తుందో ఇద్దరికీ తెలియలేదు.