సంచి దాచని సత్యవేణి

మా కోడలు సత్యవేణి టీచరు ఇక లేదు. మొన్న మంగళవారం ఉదయం బడికి బయల్దేరుతూ గుమ్మంలోనే గుండెపోటుతో కూలిపోయింది. కబురు విని నర్సీపట్నం నలుమూలల నుంచీ జనం తరలివచ్చారు. అంతటి మహావ్యాధిని జయించిన ధీరురాలిని ఒక్క క్షణం ఎత్తుకుపోయిందంటే నా బుద్ధి ఇప్పటికీ అంగీకరించడం లేదు. ముసలితనంలో నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. ఆ అక్షరాలతో ఆమె గురించే రాయాల్సి వచ్చింది.

కొన్నేళ్ల కిందట ఆమె పెద్దపేగు నిండా పుళ్లు పడ్డాయి. రక్తవిరేచనాలతో మనిషి పుల్లలా అయిపోయింది. విశాఖ ఆసుపత్రిలో నరానికి స్టెరాయిడ్లు ఎక్కించారు, తగ్గలేదు. ఇంకా ఖరీదైన మందు సెలైనులో ఎక్కించారు. జ్వరం, కడుపుబ్బరం పెరిగాయే తప్ప రక్తం ఆగలేదు. పేగు తీసేసి, మలం చేరేందుకు పొట్ట మీద బయట సంచి పెట్టాలన్నారు సర్జన్ గారు. మావాళ్లంతా ఇంకో మందు చూడమని బతిమాలారు. సత్యవేణి ఒక్కటే అడిగింది, ఆగితే ఏమవుతుందని. పేగుకు చిల్లుపడితే ప్రాణానికే ముప్పని, ఒళ్లు ఇంకా నీరసించాక కోస్తే కోలుకోవడం కష్టమని ఆయన దాచకుండా చెప్పారు.

“అయితే పేగు పోనీండి. నేనుంటాను కదా.”

సంతకం కూడా తనే పెట్టింది. ఉంది. నిటారుగా ఉంది. సత్తువ రాగానే బడికి వెళ్లింది.

ఆ ఏడు శ్రావణమాసం పేరంటంలో మా వీధి ఇల్లాలొకావిడ అందరినీ వంటింట్లోకి పిలిచి, ఈమెకు మాత్రం వరండాలో కుర్చీ వేసింది. నాకు ఒళ్లు మండింది. సత్యవేణి నవ్వింది.

“పిన్నీ, మీరు కడుపులో మోత్తన్నదే నాను పైన మోత్తన్నాను. నాదానికి మూత కూడా ఉంది.”

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. చివరకు పులిహోర గిన్నె ఆమె చేతికే వచ్చింది.

మందులతోనే కుదుటపడ్డవాళ్లు ఎందరో ఉన్నారని, అందరికీ కత్తి అక్కర్లేదని ఆమె ఎప్పుడూ చెప్పేది. మందు ఓడిందని డాక్టరు తేల్చాక మాత్రం బేగి కదలాలనేది.

కోటవురట్ల ఆటో డ్రైవరు అప్పలరాజుదీ ఇదే జబ్బు. మందులు పనిచేయలేదు. సంచి కన్నా చావు మేలని మొండికేశాడు. ఆ సర్జన్ గారే కబురుపెడితే సత్యవేణి విశాఖ వెళ్లింది, నేనూ వెంట ఉన్నాను. ఉపదేశాలేవీ చేయలేదు. కొంగు తప్పించి సంచి చూపించింది. తర్వాత అతని మంచం పక్కనే కూర్చుని, డబ్బా విప్పి, తాపీగా ఇడ్లీలు తిన్నది. అతను లేచి కూర్చున్నాడు.

“ఆటో నడపగల్నా మేడమ్?”

“తరగతి నిండా పిల్లలు నా మాట ఇంటన్నారు. నీ ఆటో నీ మాట ఇనదేటి?”

ఆ సాయంత్రమే ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు. సత్యవేణి పోయినప్పటి నుంచీ మా ఇంటి పనులన్నీ అతనే చూస్తున్నాడు.

నిన్న ఆమె ఫోను మోగితే నేనే ఎత్తాను. నక్కపల్లి నుంచి ఎవరో తల్లి. కూతురికి పేగు తీయాలంటున్నారట, టీచరుగారు ఒక్కసారి వస్తారా అని ఏడుస్తోంది. అప్పలరాజు ఫోను అందుకున్నాడు.

“టీచరమ్మ రాలేరండీ. నానొత్తాను. నాకూ సంచుంది.”

ఇటువంటి మనిషి మళ్లీ మా ఇంటికి రాదు, ఈ లోటు పూడదు. అత్తలు కోడళ్లకు దండం పెట్టే ఆచారం మనకు లేదు. ఆమె పటం ముందు నిలబడి నేను పెట్టాను.