మోటారు సైకిలుకు పెట్టించిన కూత

నా కుడి చెవి సరిగా వినపడదు. మా వాడకట్టు ఆడవాళ్లు కొట్టిన దెబ్బలకు అలా అయింది. తప్పు వాళ్లది కాదు. ఆ రోజు నాకు నేను దొరికినా అంతే కొట్టేవాణ్ణి.

అప్పట్లో బెల్లంపల్లిలో బొగ్గు తవ్వేవాణ్ణి. గనిని మేం బాయి అంటాం, నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. మా బాపు ఆ బాయిలోనే పైకప్పు కూలి చనిపోయాడు. తర్వాత అదే బాయిలోకి నేను దిగాను. ఇంట్లో అవ్వ, నేను, ఇద్దరమే. బోనసు చేతికొచ్చిన ఏడాది పోలీసు చర్యనాటి పాత మిలిటరీ మోటారు సైకిలు ఒకటి కొన్నాను. మిగిలిన డబ్బంతా దాని సింగారానికే పోశాను. ముందు నికెల్ గార్డు, రెండు అద్దాలు, హ్యాండిలుకు పట్టు కుచ్చులు, మెత్తటి ఎర్ర సీటు.

మంచిర్యాలలో బండి బాగుచేసే ఉస్తాదు మాత్రం ఎప్పుడూ ఒకే పాట పాడేవాడు.

"బేటా, చేతి బ్రేకు లేనే లేదు, కాలి బ్రేకు అరిగింది. జర ఆగేటి ఫికర్ జెయ్యి. పైన పటారం, లోన లొటారం ఉన్నది నీ బండి."

"ఆగుడెందుకు ఉస్తాద్, ఉరుకనియ్యి" అనేవాణ్ణి. నా పొగరు అలాంటిది.

ఒకరోజు మంచిర్యాల దారిలో ఎడ్లబండి అతను నేనెంత హారన్ కొట్టినా పక్కకు జరగలేదు. దిగి చెంప మీద ఒక్కటిచ్చాను. అతను ములుగర్ర తీసి నా వీపు వాచేలా బాదాడు. జుట్టు పట్టి కిందికి లాగాను. ఇద్దరం దుమ్ములో పొర్లాం. అతని పన్ను నా పిడికిలిలో దిగింది. మా సంగతి పట్టించుకోకుండా ఎడ్లు తమ దారిన పోయాయి. అతను నెత్తురు ఉమ్మి, "నీ హారన్ కోడిపిల్ల లెక్క అరుస్తది, ఎవడింటడు?" అని వాటి వెంట పరుగెత్తాడు.

దెబ్బలు వారానికి మానాయి. ఆ మాట మానలేదు. పాత ఇనుప సామాను దుకాణంలో మిలిటరీ సైరన్ ఒకటి చూశాను. దుకాణదారు చేత్తో తిప్పగానే గుండె ఝల్లుమంది. ఝల్లుమన్నందుకే కొన్నాను. ఉస్తాదు పోరు పడలేక తర్వాతి జీతాల్లోంచి బ్రేకుకని దాచిన డబ్బు దానికి పోయింది. "బ్రేకు పైసలు గిట్ల తగలబెడ్తవా?" అని ఉస్తాదు అడ్డం తిరిగితే, పానా ఎత్తి మీదికి పోయాను. అతను సైరన్ బిగించాడు. తీగ లాగితే చిన్న చక్రం టైరుకు రాసుకుని కూత లేస్తుంది. బండి ఎంత ఉరికితే కూత అంత పైకి పోతుంది.

మా ఊళ్లో బాయి కూత షిఫ్టు మారేటప్పుడే మోగుతుంది. వేళ కాని వేళ మోగిందంటే బాయిలో ఎవరో పోయినట్టే. ఇది నాకు తెలియనిదా? బాపు పోయిన రోజు అవ్వ కొంగు పట్టుకుని ఉరికింది నేనే కదా! అయినా సైరన్ బిగించిన రోజు తలకెక్కిన మదంలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మర్నాడు అవ్వకు చెప్పకుండా పనికి నాగా పెట్టాను. సద్దిగిన్నె పట్టుకుని బాయికి పోయినట్టే పోయి, నస్పూర్ దాకా షికారు కొట్టి, మిట్టమధ్యాహ్నం మా వాడకట్టులోకి తిరిగొచ్చి తీగ లాగాను.

తలుపులన్నీ తెరుచుకున్నాయి. పిండి చేతులతో ఒకామె, తడి జుట్టుతో ఒకామె, చంటిపిల్లను చంకనేసుకుని ఇంకొకామె బయటికి ఉరికారు. నా బండిని చూడ్డానికే వస్తున్నారనుకున్నాను. సిగ్గులేని వాణ్ణి, ఇంకా గట్టిగా లాగాను.

సందులోంచి అవ్వ వచ్చింది. కళ్లు బాయి వైపే ఉన్నాయి. దారికి అడ్డంగా ఉరికింది. బ్రేకు తొక్కాను. కాలు ఊరికే కిందికి పోయింది. నేను మురిసిపోతూ తుడుచుకునే నికెల్ గార్డు అవ్వ మోకాలి కింద కొట్టింది. అంత కూతలోనూ ఎముక విరిగిన చప్పుడు వినిపించింది.

బండి పడి చక్రం ఆగింది. కూత సన్నగిల్లి ఆగిపోయింది. అప్పుడు అందరికీ అర్థమైంది.

"నా మొగడు బాయిల ఉన్నడురా! సచ్చిండనుకున్న!" అంటూ పిండి చేతులామె నా చెవి మీద రాయితో కొట్టింది. మిగతావాళ్లు మీద పడ్డారు. రోకళ్లతో అద్దాలు పగిలాయి, కొడవలితో సీటు చీలింది, వీపు మీద ఎన్ని పడ్డాయో తెలియదు. అవ్వా అని మొత్తుకున్నాను.

విరిగిన కాలు ఈడ్చుకుంటూ అవ్వ నా దగ్గరికి పాకి వచ్చింది. నా మొహం రెండు చేతులతో తడిమింది.

"నువ్వు బాయిల లేవా బిడ్డా? నిజంగనే లేవా?"

తర్వాత చెంప పగలగొట్టింది. ఏడుస్తూ, నవ్వుతూ, ఆడవాళ్ల వైపు తిరిగింది.

"కొట్టుర్రి. ఇంకింత కొట్టుర్రి. మొత్తుకుంటుండు, బతికే ఉన్నడు."

కాలు వంకరగానే అతికింది. ఉస్తాదు బ్రేకుకు అడిగింది ఎర్ర సీటుకు పెట్టిన దాంట్లో సగం కూడా కాదు. ఆ బండిని తుక్కు కింద అమ్మి, తర్వాత పదేళ్లు బాయికి నడిచే పోయాను. వేళ కాని వేళ నిజం కూత మోగినప్పుడల్లా వాడకట్టంతా ఉరికేది. అవ్వ మాత్రం ఉరకలేక గడపలో కూర్చుని, దారిన పోయే ప్రతి ఒక్కరినీ "మావోడు పైకొచ్చిండా?" అని అడుగుతూ ఉండేది.