డ్రిల్లు మాస్టారి మిరప నారు

మా పైవాటాలో ఉండే డ్రిల్లు మాస్టారు రిటైరై తొమ్మిదేళ్లైనా మెళ్లో విజిల్ తీయలేదు. పాలవాణ్ని కూడా దాంతోనే పిలుస్తారు. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని ఎండలో నిలబెడితే గట్టిపడతారన్నది ఆయన నమ్మిన ఏకైక శాస్త్రం. అందులో నేనూ ఒక ప్రయోగాన్నే. మూడో తరగతిలో కళ్లు తిరిగి పడిపోతే, "చూశారా, ఒంట్లో బలం లేదు" అని మిగతావాళ్లకి నన్ను చూపించారు. కిందవాటాలో ఉన్నది ఆ పిల్లేనని ఆయనకి గుర్తులేదు. నేనూ గుర్తుచేయలేదు.

ఆయన భార్య, నేను వరస కలిపి పిన్నిగారూ అని పిలిచే ఆవిడ, వంటగది కిటికీలో పదకొండు మిరప మొక్కలు మొలిపించింది. వాళ్లమ్మ కాలం నాటి విత్తనం. డబ్బాలో ఇంకొక్క గింజ లేదు. చెల్లెలి ఆపరేషన్‌కని పన్నెండు రోజులు వెళుతూ, "నీళ్లు పొయ్యండి చాలు, వాటిని కదపకండి" అని వందసార్లు చెప్పింది.

మాస్టారు వింటే కదా! మర్నాడే వాటిని డాబా మీద ఎత్తు ప్రకారం వరసగా నిలబెట్టారు. కిటికీ పక్కన గారాబంగా పెరిగాయట, క్రమశిక్షణ కావాలట. సాయంత్రానికి ఆకులు కాగితంలా తెల్లబడి తలలు వేలాడేశాయి.

నేను మొక్కల నర్సరీలో పనిచేస్తాను. గత్యంతరం లేక మాస్టారు నా గుమ్మంలోకి వచ్చి, మొదటిసారి విజిల్ ఊదకుండా పిలిచారు.

"ఏమ్మా, ఆవిడొస్తే నా పని అయిపోయినట్టే. బతుకుతాయా?"

"ముందు నీడలోకి మార్చండి మాస్టారూ. కాలిన ఆకులు తుంచకండి, కొత్తవి వచ్చేదాకా కాండానికి అవే గొడుగు. పొద్దున్నే మొక్క మొదలు దగ్గర నీళ్లు పొయ్యండి. ఎరువు వద్దు. నాలుగు రోజులు పోయాక పల్చటి గుడ్డ కింద పొద్దుటెండ ఒక గంట, ఆ తర్వాత రోజుకో అరగంట పెంచాలి."

"అంత మెల్లగానా?"

"మూడో తరగతి పిల్లలకైనా అంతే మాస్టారూ."

ఆయన నా మొహంకేసి చాలాసేపు చూసి తల దించుకున్నారు. అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది.

పల్చటి గుడ్డంటే ఆయనింట్లో దొరికినవి పాత డ్రిల్లు చొక్కాలే. నాలుగు కర్రలకి వాటినే పందిరి కట్టి, గడియారం పట్టుకుని కాపలా కూర్చున్నారు. ఆ రోజు గడువు కాగానే తనకి తనే విజిల్ ఊదుకుని కుండీలు లోపలికి మోసేవారు. రెండు చచ్చాయి. తొమ్మిది చిగురేశాయి.

పన్నెండో రోజు పొద్దున్నే, నేను పైన మొక్కలు చూస్తుండగా, పిన్నిగారు వచ్చింది. చిగుళ్ల కింద తెల్లమచ్చల ఆకులు చూసి, "ఏమైంది వీటికి?" అంది. ఏదో తెగులని చెప్పి గట్టెక్కిద్దామని నోరు తెరిచాను.

"నేనే, ఒక్కసారిగా ఎండలో నిలబెట్టాను" అన్నారు మాస్టారు. నావైపు చూడకుండా, "మొక్కల్నే కాదు" అన్నారు.

ఆ మాట కోసం ముప్పై ఏళ్లు ఎదురుచూశానని నాకు అప్పుడే తెలిసింది. తీరా విన్నాక, నీళ్లు పోసే వేళైందన్నాను.