పెంకు అలిసిపోయే చోటు

నా చిన్నప్పుడు, నాకు పన్నెండేళ్ళు నిండిన ఏడు, మునగపాకలోని మా తాటాకు ఇంటికి పెంకులు వచ్చాయి. కొత్తవి కావు. మూతపడిన బెల్లం పాక ఒకటి ఉంటే, ఆ పాకవాళ్ళు పెంకులు విప్పి తీసుకుపొమ్మన్నారు. మా గదికి వరసకు ఇరవై రెండు చొప్పున ఇరవై వరసలు, మొత్తం నాలుగు వందల నలభై కావాలి. పాక మీద నాలుగు వందల యాభై ఆరు ఉన్నాయి. పదహారుకు మించి పగలకూడదని లెక్క తేల్చింది నేనే.

అప్పటికి తమ్ముడు పుట్టి రెండు రోజులైంది. మర్నాడు అమ్మ వాణ్ణి తీసుకుని ఆసుపత్రి నుంచి వచ్చేస్తుంది. ఇంటి మీద పాత తాటాకు పీకేశాం. ఆకాశం మాత్రం పొద్దుటి నుంచే నల్లబడుతోంది.

నాన్న పాకెక్కి పెంకులు ఒక్కొక్కటే కిందికి వదిలేవాడు. నేను పట్టుకుని మా మేనత్తకు అందిస్తే ఆవిడ పేర్చేది. నాన్న ‘అప్పా’ అని పిలిచే అక్క ఆవిడ. బడి ముఖం చూడలేదు, వయసంతా ఇళ్ళ కట్టుబడి పనుల్లోనే గడిచింది. నేను పట్టిన ప్రతి పెంకునూ పైకి లెక్కపెట్టేదాన్ని. అంకె నోట్లోంచి వచ్చేటప్పుడు చేతులు కొయ్యల్లా బిగిసిపోయేవి. మొదటి నలభైలోనే తొమ్మిది పగిలాయి.

“అప్పా, దాన్ని పక్కకి పంపీ! ఇలాగైతే సగం ఇల్లే నేత్తాం,” అన్నాడు నాన్న పైనుంచి.

“నువ్వు నీ పని సూసుకోరా,” అని మేనత్త నా వెనక నిలబడింది. “ఏటే కోడలా, పెంకుతో దెబ్బలాడతన్నావేటి? అది పరిగెత్తుకొత్తంది. దాంతోపాటు కూసింత దూరం ఎల్లు, అప్పుడాపు. లెక్క నోటితో పెట్టు, సేతుల్తో కాదు.”

తన అరచేతులు నా చేతుల కింద పెట్టింది. పెంకు పడింది. మా నాలుగు చేతులూ దానితోపాటే దిగాయి, మోకాళ్ళు వంగాయి, పెంకు చప్పుడు లేకుండా ఆగింది. అరచేతులు మండలేదు. ఆ తరవాత పాక ఖాళీ అయ్యేదాకా మూడే పగిలాయి.

మధ్యాహ్నం మా ఇంటి దగ్గర పని తిరగబడింది. నాన్న దూలాల మీద, మేము కింద. మేనత్త విసిరిన పెంకు నాన్న చేతి దగ్గరికి వెళ్ళి, అక్కడ రెప్పపాటు నిలబడినట్టుండేది. ఆయన దాన్ని గిన్నె మీది మూత తీసినట్టు తీసుకునేవాడు. నేనూ విసురుతానన్నాను. బలమంతా పెట్టి రెండు విసిరాను. మొదటిది వాసానికి తగిలి ముక్కలైంది, రెండోది నాన్న వేళ్ళను నలిపి కింద పడి పగిలింది.

“సంపేత్తావేటే!” అన్నాడు నాన్న.

మేనత్త మాత్రం నవ్వింది. “అక్కడికి ఎల్లీసరికి పెంకు అలిసిపోవాలే. ఓపిక మిగిలితే అది కొడతాది.”

మూడోది అలిసిపోయి చేరింది. చివరి వరస వేసేసరికి చినుకులు మొదలయ్యాయి. రెండు పెంకులు మిగిలాయి.

మర్నాడు ఆ పెంకుల కింద, వాన చప్పుడులో, మేనత్త తమ్ముణ్ణి నా చేతుల్లో పెట్టింది. “పెంకు పట్టినట్టే పట్టు,” అంది.

నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతా లెక్కలు దొరికిన పుస్తకాలతో నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు అనకాపల్లిలో మా ఇంటి మీద స్లాబు ఉంది. ఆ తమ్ముడి కూతురు ఇంటర్ చదువుతోంది. మొన్న ఫిజిక్సులో ప్రచోదనం లెక్క ఒకటి తెచ్చి, “అత్తా, బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి ఎందుకు లాగాలి?” అని అడిగింది.

బంతి కొట్టేసి పెంకు అని రాశాను. రెండు కిలోల పెంకు, సెకనుకు ఆరు మీటర్ల వేగం, ద్రవ్యవేగం పన్నెండు. బిగిసిన చేతులు సెకనులో నూరింట మూడు వంతుల్లో ఆపితే నాలుగు వందల న్యూటన్లు, అంటే నలభై కిలోల బస్తా చేతుల మీద ఉన్నట్టు. పదింతల సమయం ఇస్తే నలభై న్యూటన్లే. పెంకు సొంత బరువు అదనం.

పైకి విసిరే లెక్క కూడా వేశాను. నాన్న చేతి ఎత్తుకు ఆరు మీటర్ల వేగం సరిపోతుంది. ఏడుతో విసిరితే పైన ఒకటే మిగులుతుందనుకున్నాను. కానీ గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నలభై తొమ్మిదిలో ముప్పై ఆరు పోతే పదమూడు. దాని వర్గమూలం మూడున్నర పైనే. నేను ఎక్కువ పెట్టింది ఒక్కటి, నాన్న వేళ్ళకు తగిలింది మూడున్నర. నలభై ఏళ్ళ తరవాత తెలిసింది.

వెంటనే ఎవరికి చెప్పాలనిపించిందో ఆ మేనత్త లేదు. పోయి పదిహేనేళ్ళు దాటింది. ఈ కాగితం చూపిస్తే చదవలేకపోయేది. అయినా, “ఇదేటే, నాకు తెలీదేటి?” అనే ఆ మాట ఒక్కసారి వినాలనిపించింది.

మా మేనకోడలు లెక్క దిద్దుకుని, సరిచూడమని పుస్తకం నా చేతికిచ్చింది. తీసుకుంటూ నా చేతులు కాస్త కిందికి దిగాయి, మోకాళ్ళు కొంచెం వంగాయి. ఎవరు ఏది ఇచ్చినా ఇప్పటికీ అలాగే వంగుతాను. అప్పుడు నా అరచేతుల కింద ఇంకో రెండు అరచేతులు ఉన్నట్టే ఉంటుంది.