ఎంత వస్తే చాలునో రాయండి

పోయిన వారం మా సంస్థ అతిథి గృహం వంటింట్లోంచి పీతల కూర వాసన వచ్చింది. అల్లం, మిరియాలు, బాగా వేగిన ఉల్లిపాయ. ఇంటర్వ్యూ చేస్తున్నదాన్ని, ముందున్న కాగితం మీద 'ఇంకా' అని రాసి, ఆ వాసనకు కలం ఆపేశాను. ఎదురుగా కూర్చున్న అమ్మాయి బిక్కచచ్చిపోయింది. నా మనసేమో ఎన్నో ఏళ్ల వెనక్కి, ఎస్తేరు మేడమ్ దగ్గరికి వెళ్లిపోయింది.

మాది విదేశాల్లోని మన కార్యాలయాలకు సిబ్బందిని పంపే ప్రభుత్వ సంస్థ. తార్నాక పక్కన యూనివర్సిటీ ప్రాంగణంలో ఒక పాత భవనం అద్దెకు తీసుకుని నడుపుతున్నారు. అప్పట్లో ఎస్తేరు మేడమ్ మా సెక్షన్ అధికారి, తెనాలి మనిషి. నేను లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చిన గుమాస్తాను. విదేశానికి వెళ్లాలంటే ముందు ఇంటర్వ్యూ, తర్వాత పెద్దలతో కలిసి భోజనం. ఆ భోజనం దగ్గరే నేను రెండుసార్లు తప్పాను. మొదటిసారి కోడి కాలు ఫోర్కుకు లొంగక డైరెక్టర్ గారి ప్లేటులోకి వెళ్లింది. ఆ భయంతో రెండోసారి ఫోర్కు పక్కన పెట్టి చేత్తో తిన్నాను. రెండుసార్లూ నా ఫైల్లో ఒకే మాట: 'ఇంకా పరిపక్వత రాలేదు.' మూడోసారి కూడా తప్పితే ఇక అవకాశం లేదు. మా నాన్న అప్పటికే చుట్టాలందరికీ నేను విదేశం పోతున్నానని చెప్పేశాడు. ఏ దేశమో మాత్రం రోజూ నన్నే అడిగేవాడు.

ఆ రోజుల్లోనే ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. అన్ని ప్రాంతాల, అన్ని రకాల మనుషులకూ విదేశీ ఉద్యోగాల్లో చోటు దొరికేలా చూడటానికి ఒక పెద్ద అధికారి పదవిని సృష్టించాలి, ప్రతిపాదన పంపండి అని. మమ్మల్ని ఇంటర్వ్యూ చేసే ఎంపిక సంఘానికే ఆ పని అప్పజెప్పారు డైరెక్టర్ గారు. ఆయనతో కలిపి సంఘంలో నలుగురూ ఒకే హాస్టల్లో చదివినవాళ్లు. ముగ్గురివి ఒకే రకం కళ్లజోళ్లు. మేడమ్‌ను ఫైలు రాయడానికి పెట్టుకున్నారు. పదవికి పేరు కుదిరింది, గది కుదిరింది, గదిలో సోఫా రంగు మీద రెండు సమావేశాలు జరిగాయి. చివర్లో మేడమ్ ఒక్క వాక్యం చేర్చారు: ఈ అధికారి సంతకం లేనిదే ఏ జాబితా ఢిల్లీ వెళ్లకూడదు.

"అడ్వైజ్ ఇస్తే చాలదా మేడమ్, సైన్ ఎందుకు?" అన్నారు డైరెక్టర్ గారు.

"సలహాలు మా ఆయన కూడా ఇస్తారండీ. నేను వింటానా?" అన్నారు మేడమ్.

వాక్యం కొట్టేశారు. మేడమ్ కోప్పడలేదు. పాత ఫైళ్లన్నీ నా చేత తీయించారు. నాలాంటి వాళ్లందరి మీదా అదే మాట, ఫుల్‌స్టాప్‌తో సహా. "ఇంతమందికీ కట్టగట్టుకుని పరిపక్వత రాకుండా పోయిందమ్మా స్వరూపా," అని ఆవిడ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. "ఏడవకు. రేపు పొద్దున్నే మా ఇంటికి రా, పీతలు కడగాలి."

మర్నాడు మధ్యాహ్నం అతిథి గృహంలో సంఘానికి మేడమ్ విందు. తార్నాకలోని ఆవిడ ఇంటి నుంచి కూర గిన్నె నేనే ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. బల్ల మీద తెల్లటి గుడ్డ, ఫోర్కులు, కత్తులు. నలుగురూ వాటితో పీతల మీద కుస్తీ పట్టారు. ఒకాయన కళ్లజోడు మీద పులుసు చిందింది. చివరికి డైరెక్టర్ గారు అటూ ఇటూ చూసి, చొక్కా చేతులు పైకి మడిచి, చేత్తో అందుకున్నారు.

"గిట్లనే తినాలె గదా మేడమ్ దీన్ని," అన్నారు. ఆయన నోట ఊరి మాట వినడం మాకదే మొదటిసారి.

"మరేనండీ. ఇప్పుడు మీ మీద నన్నేం రాయమంటారు?" అని మేడమ్ కలం తీశారు.

ఆయన పీత డెక్కను చివరిదాకా కొరికారు. "ఆ సైన్ లైన్ మళ్ల పెట్టుండ్రి," అన్నారు.

ఢిల్లీ ఒప్పుకుంది. పదవి వచ్చింది, సోఫా రాలేదు. రిటైరయ్యే ముందు మిగిలిన ఆరు నెలలూ ఆ కుర్చీలో మేడమే కూర్చున్నారు. నా మూడో భోజనం తర్వాత తయారైన మొదటి జాబితాలో నా పేరు లేదు. అలవాటు కొద్దీ సంఘం నా మీద మళ్లీ అదే మాట రాసింది. మేడమ్ సంతకం పెట్టకుండా, పక్కన ఒక ముక్క రాసి తిప్పి పంపారు: 'ఎంత వస్తే చాలునో రాయండి.' ఫైలు నలుగురి బల్లల మీదా తిరిగింది. ఎవరి దగ్గరా కొలత దొరకలేదు. పదో రోజు జాబితా నా పేరుతో వచ్చింది.

"నా కోసం చేసిన్రా మేడమ్?" అని అడిగాను.

"రెండేళ్ల నుంచీ చేయాలనే ఉంది తల్లీ. చేతిలో సంతకం లేకపోయింది," అన్నారు.

ఆవిడంటే నాకు అమ్మ మీద ఉన్నంత ప్రేమ. ఆ మాట ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు.

విదేశంలో పనిచేసి వచ్చి, ఇప్పుడు అదే సంఘంలో నేనూ ఒక సభ్యురాలిని. ఎదురుగా ఉన్నది గోల్నాక అమ్మాయి. జవాబు చెప్పే ముందు ప్రతిసారీ కుర్చీ అంచు పట్టుకుంటోంది. 'ఇంకా' అని రాసింది నా చెయ్యే. తర్వాతి రెండు మాటలేమిటో నాకు తెలుసు. సిగ్గేసింది. ఎంత వస్తే చాలునో చెప్పుకోబోయాను, చెప్పుకోలేకపోయాను. ఆ మాట కొట్టేశాను.

"భయపడకమ్మా. లోపల పీతల కూర ఉన్నది, చేత్తోనే తిందాం," అన్నాను, మేడమ్ ఋణం తీర్చుకుంటున్నంత గర్వంగా.

"నేను పీతలు తినను మేడమ్," అంది ఆ అమ్మాయి.

నా చెయ్యి మళ్లీ కాగితం వైపు కదిలింది. కలానికి మూత పెట్టేసి, పప్పు కూడా చేయమని వంటింట్లోకి కబురు పంపాను.