బొగ్గు సంఘంలో నా ఓటు

మా జిల్లాలో సున్నపురాయి ఉంది, నాపరాయి ఉంది, ముగ్గురాయి ఉంది. బొగ్గు మాత్రం ఇస్త్రీపెట్టెల్లో తప్ప ఎక్కడా లేదు. అలాంటి చోట, ప్రొద్దుటూరు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పుకునే నేను పోయి పోయి బొగ్గును పరిశోధించే ఒక అంతర్జాతీయ సంఘంలో చేరాను. బొగ్గుముక్కను అద్దంలా సానబెట్టి సూక్ష్మదర్శిని కింద పెడితే కోట్ల ఏళ్ల కిందటి ఆకులూ బెరడూ కనబడతాయి. వాటిని గుర్తుపట్టేవాళ్ల సంఘం అది. "దాంతో వంట అయితాదా?" అని మా ఆవిడ ఒక్కసారే అడిగి వదిలేసింది.

సంఘంలో నాకు తెలిసింది ఒకే మనిషి, విదేశంలో ఉండే ఒక పెద్దావిడ. బెరడును చూసి ఆకనుకుని నేను పంపిన ఫొటోల్లోని తప్పులను రెండేళ్లపాటు విసుక్కోకుండా ఉత్తరాల్లో దిద్దింది. ఆ ఏడు ఆమె సంఘం అధ్యక్ష పదవికి నిలబడింది. నా ఓటు మీకేనని రాశాను. రాస్తుంటే ఒళ్లు పులకరించింది. నలభై ఏళ్లొచ్చినా అప్పటిదాకా నేను ఓటు వేసిన పాపాన పోలేదు మరి. జమ్మలమడుగు పక్కన మా ఊళ్లో పార్టీ ఏదైనా ఓట్లన్నీ మా నాయకుడి మనుషులే వేసేస్తారు. జనం ఎండలో నిలబడి మాడిపోకూడదని ఆయన దయ.

అద్దె ఇళ్లు మారుతుంటానని సంఘానికి ఊరి చిరునామా ఇచ్చాను, తెలివైనవాణ్ణి కదా. ఊరికొచ్చే టపా అంతా ముందు నాయకుడి అరుగు మీద దిగుతుందని మరిచాను. ఒక ఆదివారం ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి సంఘం నాకు టపాలో పంపిన బ్యాలెట్ కవరు చింపి ఉంది. చుట్టూ ఆయన మనుషులు, ఒక మూలన నా తమ్ముడు.

"ఏమప్పా సారూ, ఎలచ్చన్లంట, మాకు చెప్పనే లేదే?" అన్నాడు నాయకుడు.

"అది బొగ్గు సంఘం మామా. పార్టీలతో పని లేదు."

"పార్టీ లేని ఎలచ్చన్ యాడుంటాదప్పా? నీకెందుకు శ్రమని మేమే టిక్కు పెట్టేసినాంలే. ఫొటోలు చూసినాం. మీసాలున్నోనికి ఏసినాం. శానా బాగుండాయి మీసాలు."

లోపలి కవరు అంటించేశారు. పైకవరు మీద నా సంతకమే తక్కువ. అదీ వాళ్లే పెట్టేవాళ్లట, ఇంగ్లీషు సంతకం కుదరక ఆగారట.

"అది నా ఓటు మామా" అన్నాను. ఎంత చిన్నగా అన్నానో, అన్నానని నాకే నమ్మకం లేదు. అయినా అరుగు మీద నవ్వులు ఆగిపోయాయి. పులివెందుల నుంచి మొక్కలు తెచ్చి తమ్ముడు వేసిన చీనీ, అంటే బత్తాయి తోట ఆ ఏడే కాపుకొచ్చింది. మాట వినని వాళ్ల చీనీచెట్లు మా వైపు మొదలంటా నరికి పడేస్తారు. తమ్ముడు దగ్గరికొచ్చి నా చేతిలో పెన్ను పెట్టాడు.

"సంతకం పెట్టన్నా" అన్నాడు. నా మొహం వైపు చూడలేదు.

పెట్టాను. నాయకుడి మనిషే దాన్ని భద్రంగా తీసుకెళ్లి టపాలో వేశాడు. సేవంటే అదీ.

మీసాలాయన గెలిచాడు. రెండు నెలలకు ఆ పెద్దావిడ ఎప్పటిలా కాలేజీకి ఉత్తరం రాసింది. ఓడినందుకు బాధ లేదట. అంత దూరం నుంచి మాటిచ్చి మరీ నేను తనకు ఓటు వేసినందుకు ఎంతో సంతోషమట. ఉత్తరం వెనక నా కొత్త ఫొటోల్లోని తప్పులు ఒక్కొక్కటే దిద్ది ఉన్నాయి.

సిగ్గుతో చచ్చిపోయాను. జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చుని లేచాను. ఆ తర్వాత ఆమెకు ఫొటోలు పంపడం మానేశాను.